సొంబొల్‌కి కాగితం టోపీ

అహ్వాజ్, ఆజర్ 14, 1345

తమ్ముడు సెయ్ఫొల్లాకి,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూచున్నాయన ఒళ్ళో కోడిపుంజు ఉంది. అది దారి పొడుగునా రెప్ప వెయ్యకుండా నన్నే చూసింది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడి నడిపిన నేనే చివరికి తల తిప్పుకున్నాను.

ఇక్కడ చలికాలమన్నది పేరుకే. కోడలు ఫిరూజే కిటికీలన్నీ తెరిచి పెట్టుకుని, "అబ్బ, ఏం చలి అత్తయ్యా" అంటుంది. అబ్బాయి కాంబీజ్ రోజూ నది చేప తెస్తాడు. చింతపండేసి పులుసు పెడతారు. నా మోకాళ్ళు అప్పుడే సగం నయం. డాక్టరు నౌరోజ్ దాకా కదలొద్దన్నాడు.

ఇంక అసలు సంగతి. నువ్వు తంతి ఆఫీసులో మాటలు పొదుపు చేసి బతికినవాడివి కనక విడమరిచి చెప్తున్నాను. నేలమాళిగలో పన్నెండు గాజుగ్లాసుల్లో పన్నెండు సొంబొల్ పూల దుంపలున్నాయి. నీళ్ళు దుంప అడుక్కి తగలీ తగలకుండా ఉండాలి. చీకట్లో, చలిలో ఉండాలి. మొలక నీ చూపుడువేలంత అయ్యేదాకా వాటి జోలికి పోవద్దు. నౌరోజ్ నాడు సంవత్సరం మారే క్షణానికి నా బల్లమీద సొంబొల్ విచ్చుకుని ఉండటం ఇరవై తొమ్మిదేళ్ళుగా తప్పలేదు. ఈసారి తప్పితే అది నీ పేరు మీదే రాసుకుంటాను. మేడమీద గదిలో రబ్బరు మొక్క, ఫెర్న్, జెరేనియాలు. వారానికోసారి నీళ్ళు.

ఆఖరిది. పక్కింటి మలీహే మన గడప తొక్కకూడదు. పదకొండేళ్ళ కిందట ఇంతమంది ముందు నా సొంబొల్‌ని చూసి "పాపం, ఇది కూచుని పూసినట్టుందే" అంది. నేను మర్చిపోలేదు, నువ్వూ మర్చిపోకు.

నీ అక్క,
ఖొద్సీ

*

హమదాన్, ఆజర్ 24

అక్కకి,

ఉత్తరం అందింది. మంచు పడింది. మొక్కలు క్షేమం.

రబ్బరు మొక్క ఆకులు మాసినట్టుంటే గొర్రె కొవ్వు పెట్టి తుడిచాను. అద్దంలా మెరుస్తున్నాయి. వీధిలో పిల్లి ఒకటి రోజూ వచ్చి నాకిపోతోంది. మంచి పిల్లి.

దుంపలకి నీళ్ళు మార్చాను. చేతులు ఒకటే దురద. సబ్బు పడకపోయి ఉంటుంది.

నేలమాళిగ మరీ చలిగా ఉంది. పన్నెండూ వణుకుతున్నట్టనిపించింది. పైకి తెచ్చాను. కొర్సీ బల్ల కింద కుంపటి దండిగా రాజేసి, పైన కప్పిన బొంత అంచు ఎత్తి, గ్లాసులన్నీ చుట్టూ లోపలికి పెట్టాను. నేనూ కాళ్ళు లోపలికి పెట్టుకుని వాటితోపాటే కూచుంటున్నాను. అందరం వెచ్చగా ఉన్నాం.

సెయ్ఫొల్లా

*

అహ్వాజ్, దెయ్ 3

సెయ్ఫీ,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. ఫిరూజే పరిగెత్తుకొచ్చి "ఎవరు పోయారు అత్తయ్యా" అంది. పన్నెండుమంది అన్నాను. పిచ్చిపిల్ల ఏడుపందుకుంది. దాన్ని ఊరుకోబెట్టేసరికి పొద్దు గుంకింది.

ఒరేయ్, అవి దుంపలు, పసిపిల్లలు కాదు. చలి తగలకపోతే కాడ ఎదగదు, పువ్వు దుంప మెడలోనే ఇరుక్కుని అక్కడే విచ్చుకుంటుంది. అంటే కూచుని పూస్తుంది. ఆ పక్కింటావిడ కంట పడిందంటే నేనింక హమదాన్‌కి రాను, ఇక్కడే చేపల పులుసు తింటూ ప్రాణం వదిలేస్తాను.

వెంటనే కిందికి దించు. దుంప పట్టుకుంటే దురద వస్తుంది, చేతికి తొడుగు వేసుకో. రబ్బరు మొక్క ఆకులు గోరువెచ్చటి నీళ్ళతో కడుగు. పిల్లిని తరుము. ఇవేవీ నీ వల్ల కావు గనక తోటమాలి మష్ యదొల్లాని పిలువు. చలికాలం ఇళ్ళ కప్పుల మీద మంచు తోసుకుంటూ బజారు వీధిలోనే తిరుగుతుంటాడు. ఆయన ఏం చెబితే అది చెయ్యి.

పోయిన ఉత్తరంలో నాలుగు అక్షరదోషాలు.

ఖొద్సీ

*

హమదాన్, దెయ్ 15

అక్కకి,

నీ ఉత్తరం రాకముందే ఒకరు వచ్చి చూశారు. కప్పు మీద మంచు తోస్తూ, కిటికీలోంచి కొర్సీ చుట్టూ గ్లాసులు చూసి, పార అక్కడే పడేసి వచ్చారు. బాగా తిట్టారు. మధ్యలో ఉపవాసం గుర్తొచ్చి ఆపారు. ఇఫ్తార్ అయ్యాక మళ్ళీ వచ్చి మిగతాది తిట్టారు.

అయిదు దుంపలు మెత్తబడ్డాయి. తీసేశాం. ఏడు మిగిలాయి. అవి అప్పుడే కూచుని మొగ్గలు తొడుగుతున్నాయి. వారు చెప్పిందేమంటే, కిందికి దించి, ఒక్కోదానికి నల్ల కాగితంతో టోపీ కుట్టి పెడితే వెలుతురు కోసం కాడ పైకి సాగుతుందట. ఇద్దరం కూచుని ఏడు టోపీలు కుట్టాం. వారు కుట్టినవి నిలబడ్డాయి, నావి పడిపోయాయి. నావి కూడా వారే మళ్ళీ కుట్టారు.

రోజూ వచ్చి చూసిపోతున్నారు. ఫెర్న్ మీద కూడా నీళ్ళు చల్లారు. పిల్లి వారి మాట వింటుంది.

సెయ్ఫొల్లా

*

అహ్వాజ్, దెయ్ 27

తమ్ముడూ,

ఇన్నాళ్ళకి ప్రాణం కుదుటపడింది. మష్ యదొల్లా బంగారం. పిలవకుండానే వచ్చాడు చూశావా. టోపీల ఉపాయం నాకే తెలియదు, ముసలాయన ఎక్కడ నేర్చుకున్నాడో. తిట్టాడని చిన్నబుచ్చుకోకు, ఆయన నన్ను కూడా తిడతాడు.

కిందింట్లో అక్రోట్ల గోతాముంది, ఆయనకో నాలుగు దోసిళ్ళు పోసివ్వు. అలమరలో నాన్నగారి నాటి పొగాకు డబ్బా ఉంది, అదీ ఇచ్చెయ్యి. నా తరఫున గడ్డం మీద ఒక ముద్దు పెట్టు. సిగ్గుపడకు, తండ్రిలాంటివాడు.

ఇంకో మాట. పొద్దస్తమానం కొర్సీ కింద కాళ్ళు పెట్టుకుని దుంపలతో కూచునే నీ బతుకు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. యాభై మూడేళ్ళు పెద్ద వయసేం కాదు. మష్ యదొల్లా ఊళ్ళో ప్రతి ఇంటి పెరడూ తొక్కినవాడు. నీకు తగిన విధవరాలు ఎవరైనా ఉందేమో ఆయన్నే అడుగు. మొక్కని చూసి రోగం చెప్పేవాడు మనిషిని చూసి గుణం చెప్పలేడా. ఆయన ఎవరిని చెబితే ఆవిడ నాకు ఇష్టమే, నోరెత్తను. అమ్మ సమాధి మీద ఒట్టు.

ఖొద్సీ

*

హమదాన్, బహ్మన్ 8

అక్కకి,

అక్రోట్లు ఇచ్చాను. పొగాకూ ఇచ్చాను. వారి హుక్కాకి పనికొచ్చిందన్నారు, చాలా సంతోషించారు. ముద్దు మాత్రం ప్రస్తుతానికి ఆపాను.

పెళ్ళి సంగతి నువ్వు రాసినట్టే, అక్షరం మార్చకుండా చదివి వినిపించాను. అప్పుడు వారు టీ పోస్తున్నారు. కప్పు నిండింది, సాసరు నిండింది, బల్లగుడ్డ తడిసింది. అయినా పోస్తూనే ఉన్నారు. ఆఖరికి నేనే చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి కాలింది. ఆలోచించి చెప్తానని వెళ్ళిపోయారు. మూడు రోజులు రాలేదు. ఫెర్న్ వాడిపోయింది. నేను కూడా అన్నం సరిగ్గా తినలేదు.

నాలుగో రోజు వచ్చారు. ఎరిగినవాళ్ళలో ఒకరున్నారని మాత్రం చెప్పారు.

అక్కా, నీకొక సంగతి చెప్పాలి. వచ్చే ఉత్తరంలో చెప్తాను.

సెయ్ఫొల్లా

*

అహ్వాజ్, బహ్మన్ 19

నా బంగారు తమ్ముడికి,

నువ్వు చెప్పబోయే సంగతి నేను ఊహించాను. ఆవిడ ఎవరో తెలిసింది, నీకు నచ్చింది, నేనేమంటానో అని భయం. పేరు రాయకు. ముందు ఒప్పుకున్నాక పేరుతో పనేముంది. చీకట్లో పెట్టిన దుంప ఏ రంగు పూస్తుందో అడిగి నాటుతామా. ఒట్టంటే ఒట్టే. కాంబీజ్‌కి, ఫిరూజేకి కూడా చెప్పాను, వాళ్ళిద్దరూ సాక్షులు.

టీ సంగతి చదివి నవ్వుకున్నాను. మష్ యదొల్లాకి చూపు తగ్గుతోంది పాపం. ఆయనకని నేనల్లిన ఉన్ని శాలువా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నువ్వే స్వయంగా భుజాల చుట్టూ కప్పు. ముద్దు ఆలస్యం చెయ్యకు. పెద్దవాళ్ళు పైకి అనరు గానీ లోపల నొచ్చుకుంటారు.

ఖొద్సీ

*

హమదాన్, బహ్మన్ 30

అక్కకి,

శాలువా కప్పాను. వారు అది కప్పుకునే ఇంటికి వెళ్ళారు.

ఎస్ఫంద్ 24న నిఖా అనుకున్నాం. ముద్దు ఆ తరవాత ఇస్తాను. ముందైతే బాగుండదు.

ఏడు టోపీలూ కాస్త కాస్త పైకి లేస్తున్నాయి. ఒకటి పక్కకి ఒరిగితే వారు అల్లిక సూది ఊతం పెట్టారు.

సంగతి ఈసారి కూడా రాయలేకపోయాను. నాలుగు కాగితాలు చింపాను.

సెయ్ఫొల్లా

*

అహ్వాజ్, ఎస్ఫంద్ 7

సెయ్ఫొల్లాకి,

నిన్న పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా మష్ యదొల్లా, భుజాన సంచీ, చేతిలో ఖర్జూరాల బుట్ట.

"నువ్విక్కడేమిటి?" అన్నాను.

"మా చిన్నాడు ఇక్కడే సైన్యంలో ఉన్నాడు కదా ఖానుమ్. ఆజర్ నెల మొదట్లో వచ్చాను. మీరూ ఈ ఊళ్ళోనే ఉన్నారని మొన్న రేవులో మీ అబ్బాయి చెప్పాడు."

"మరి నా సొంబొల్స్?"

"ఎలా ఉన్నాయి ఖానుమ్?"

"నన్నడుగుతావేం?"

"ఇంకెవర్నడగను?"

గుమ్మం పట్టుకుని అడిగాను, మా తమ్ముడు నీకు అక్రోట్లిచ్చాడా అని. లేదన్నాడు. పొగాకు? మానేసి ఇరవై ఏళ్ళయిందన్నాడు. శాలువా కప్పాడా? లేదు. ముద్దో, అన్నాను. ముసలాయన ఒకడుగు వెనక్కి వేసి, ఖర్జూరాల బుట్ట మెట్టు మీద పెట్టి, "మళ్ళీ వస్తాను ఖానుమ్, మీ వంట్లో బాగున్నట్టు లేదు" అని వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. "వారు వచ్చారు, వారు కుట్టారు, వారు పోశారు." హుక్కా. అల్లిక సూది. మన కిటికీలోంచి కొర్సీ కనబడే కప్పు హమదాన్ మొత్తానికి ఒకటే ఉంది.

ఆ పేరు నేను రాయను. నువ్వే రాసి పంపు.

ఖొద్సీ

*

హమదాన్, ఎస్ఫంద్ 13

అక్కకి,

మలీహే.

తంతి ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఇతరుల సంగతులే పంపాను. నా సంగతి ఎవరికీ పంపలేదు. అందుకే ఎలా రాయాలో తెలియలేదు. ఇవాళ మాటలు పొదుపు చెయ్యను.

ఆ రోజు మంచు మోకాలెత్తు పడింది. నేను గ్లాసుల ముందు కూచుని ఒక్కో దుంపనీ నొక్కి చూస్తున్నాను. మెత్తగా తగిలినప్పుడల్లా నీ మొహం కళ్ళ ముందుకి వస్తోంది. ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. చాదర్ నిండా మంచు. "ఖొద్సీ ఖానుమ్ చూస్తే గుండె ఆగి చస్తుంది, లేవండి" అంది. ముందు నీ గుండె సంగతే అడిగింది అక్కా, గమనించు. గడప తొక్కొద్దన్నావని చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను. "అయితే గడప దాటి దూకాను, తొక్కలేదు" అంది. అప్పటినుంచి రోజూ దూకుతూనే వస్తోంది. ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే.

నీకు రాద్దామని ప్రతిసారీ అనుకున్నాను. ప్రతిసారీ నువ్వు మష్ యదొల్లాని పొగిడావు. నేను దిద్దలేదు, నా పిరికితనం. నీ ఒట్టు చదివి వినిపించినప్పుడు ఆవిడ అన్న మాట దాచాను. "ఇది నేనని తెలిసి పెట్టిన ఒట్టు కాదు, మీ అక్కకి తెలియజెయ్యండి, లేకపోతే నేను రాను" అంది. నేను తెలియజేశానని చెప్పాను. ఆవిడకి కూడా అబద్ధమాడాను. నిన్న నీ ఉత్తరం చూపించాను. చదివింది. శాలువా మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తలుపు తియ్యటం లేదు.

సొంబొల్ గురించి పదకొండేళ్ళ కిందట అన్న మాట కూడా అడిగాను ముందే. ఆ ఏడాది నీది నిజంగానే కూచుని పూసింది అక్కా. ఆవిడ అన్నది నిజం, అనకుండా ఉండాల్సింది, అదీ నిజం. ఈ చలికాలం ఏడింటినీ నేను కూచోబెట్టాను. ఆవిడ ఒక్కసారి నవ్వలేదు. మోకాళ్ళ మీద కూచుని టోపీలు కుట్టింది.

నిన్ను ఒట్టుకి కట్టను. ఒట్టు యదొల్లా గడ్డానికి పెట్టావు, నాకు తెలుసు. కానీ యాభై మూడేళ్ళలో నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. నువ్వు కాదంటే నేను మాట తప్పి ఊరుకుంటానని అనుకోకు. పెళ్ళి చేసుకుంటాను, ఆవిడ తలుపు తీస్తే. కాకపోతే నువ్వు లేని పెళ్ళిలో నాకు అన్నం దిగదు.

అక్షరదోషాలు చూడలేదు. క్షమించు.

నీ తమ్ముడు సెయ్ఫొల్లా

*

తంతి. అహ్వాజ్, ఎస్ఫంద్ 19

ఎల్లుండి బస్సుకి వస్తున్నా. టోపీలు తియ్యకు. శాలువా ఎవరికిచ్చావో వాళ్ళదే అని గోడమీంచి అరిచి చెప్పు. దోషాలు తొమ్మిది. ఖొద్సీ

*

హమదాన్, ఫర్వర్దీన్ 11, 1346

సెయ్ఫీకి,

మీరు ఇస్ఫహాన్ చేరినట్టు రాసిన కార్డు అందింది. ఆవిడ అక్కగారింట్లో మర్యాదలు బాగున్నాయని రాశావు, సంతోషం. వంతెన మీద నడిచేటప్పుడు మెడకి గుడ్డ చుట్టుకో, నదిగాలి మంచిది కాదు.

మొన్న పక్క వీధివాళ్ళు నౌరోజ్ పలకరింపుకి వచ్చారు. నేనూ ఆవిడా ఎలా ఉంటున్నామని అడిగారు. ఏం చెప్పను. నిఖా నాడు, సొంబొల్స్ నిటారుగా నిలబడి పూసిన పండగ నాడు, ఆ తరవాత వారం రోజులూ మేమిద్దరం నీ ద్వారానే మాట్లాడుకున్నాం. "టీ చల్లారుతోందని మీ అక్కగారికి చెప్పండి." "పంచదార చాలని ఆవిడకి చెప్పు." మధ్యలో నువ్వు తంతి తీగలా ఇటూ అటూ. ఇప్పుడు తీగ ఊళ్ళో లేదు, అందుకని ఈ ఉత్తరం.

వెళ్ళేటప్పుడు ఆవిడ తాళంచెవి నీ చేత నాకిప్పించింది. తన ఇంట్లో మొక్కలకి నీళ్ళు పొయ్యమని నీ చేతే చెప్పించింది. సరేనని నీ చేతే చెప్పించాను. ఇంక దీని కింద రాసింది నీకు కాదు. ఈ కాగితం ఆవిడ చేతికియ్యి. చదివి వినిపించకు.

మరదలు మలీహేకి,

నీ పెద్ద ఫెర్న్ చచ్చిపోయింది. నేనే చంపాను.

నా మొక్కలంటే నాకు భయం లేదు. నీదనేసరికి చెయ్యి ఆగలేదు. పొద్దున పోశాను. మధ్యాహ్నం, పోశానా లేదా అని అనుమానమొచ్చి మళ్ళీ పోశాను. సాయంత్రం అది నన్ను చూసి మొహం మాడ్చుకున్నట్టనిపించి ఇంకాస్త పోశాను. నాలుగు రోజుల్లో వేరు కుళ్ళింది. పీకి ఆరబెట్టాను, కుదురు మార్చాను, చివరికి దాని ముందు కూచుని బతిమాలాను. నీ ఇంట్లో నీ ముక్కాలిపీట మీద కూచుని నీ మొక్కని బతిమాలాను, అర్థమవుతోందా.

తరవాత బజారుకి వెళ్ళి అలాంటిదే వెతికాను. దొరికింది. ఆకులు కూడా లెక్కకి అన్నే. దాన్ని చంకన పెట్టుకుని సగం దారి వచ్చాను. అబద్ధమాడిన పిల్లల్ని గోడకి మొహం పెట్టి నిలబెట్టినదాన్ని, నాకే సిగ్గేసింది. వెనక్కి తీసుకెళ్ళి ఇచ్చేశాను. కొట్టువాడు నన్ను వింతగా చూశాడు.

కుండీ అలాగే ఉంచాను. ఎండిన ఆకులు కూడా తియ్యలేదు. నువ్వు వచ్చి చూసుకుని, నీకు ఏమనాలనిపిస్తే అది అను. వీధిలో నిలబడి అన్నా సరే, ఇంతమంది ముందు అన్నా సరే. వాడి చేత మాత్రం చెప్పించకు. నువ్వే వచ్చి నన్ను తిట్టు. టీకి సమోవార్ వెలిగించి ఉంచుతాను. గడప మీద కాలు పెట్టి నిమ్మళంగా రా, దూకితే మోకాళ్ళు పోతాయి.

నీ వదిన,
ఖొద్సీ